గుడ్డు లేని ఓట్స్-కొబ్బరి బిస్కెట్లు: బెల్లం పాకంతో ఇంట్లోనే చేసుకునే పద్ధతి

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగిళ్లలో కార్తీకం కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఒడియావాళ్లకు పున్నమితో నెల మారుతుంది కాబట్టి కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) మర్నాడే వాళ్ల కార్తీకం వచ్చేస్తుంది. మనకు దీపావళి అమావాస్య వెళ్లాక మొదలై మళ్లీ అమావాస్య దాకా సాగుతుంది. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇరుగుపొరుగుతో కలిసిపోయి బతికే ఇంట్లో రెండు లెక్కలూ పాటిస్తే నెలన్నర పాటు గుడ్డు గుమ్మం తొక్కదు. దాని వెనకే మార్గశిర గురువారాల లక్ష్మీపూజలు. పిల్లలకు మాత్రం బడి నుంచి రాగానే చేతిలో ఏదో ఒకటి పడాల్సిందే.

అలాంటి ఇళ్లకు ఈ బిస్కెట్లు చక్కగా సరిపోతాయి. గుడ్డు తీసేసి, దాని బదులు పెరుగో అరటిపండో వేసి సర్దుబాటు చేసే వంటకం కాదిది. పుట్టుకలోనే గుడ్డు లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో వీటిని ఆంజాక్ బిస్కెట్లు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రెండు దేశాల సైనికులతో ఏర్పడిన దళం పేరు ఆంజాక్. 1915 ఏప్రిల్ 25న ఆ దళం టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగింది. అందుకే ఏటా ఏప్రిల్ 25న అక్కడ వాళ్లను తలచుకుంటారు, ఇళ్లలో ఈ బిస్కెట్లు చేసుకుంటారు. సైనికులకు రేషన్‌లో ఇచ్చిన బిస్కెట్ వేరు, అది పళ్లు విరిగేంత గట్టిది. ఓట్స్‌తో చేసే ఈ తియ్యటి రకం ఎక్కువగా ఇళ్లలో, యుద్ధనిధి కోసం జరిపిన అమ్మకాల్లో చెలామణీ అయింది. కొబ్బరి కూడా మొదట్లో లేదు, యుద్ధం ముగిశాక 1920లలో వచ్చి చేరింది. ఆస్ట్రేలియాలో ఆంజాక్ అన్న పేరుకు చట్టరక్షణ ఉంది. అసలు పద్ధతికి దూరంగా జరిగిన సరుకును ఆ పేరుతో అమ్మనివ్వరు. మనం వేసేది బెల్లం పాకం కాబట్టి వీటిని ఓట్స్-కొబ్బరి బిస్కెట్లు అనుకుంటే చాలు.

అసలు విషయానికి వద్దాం. మామూలు బిస్కెట్లో పిండిని పట్టి ఉంచడానికి, కాస్త పొంగడానికి గుడ్డు పనికొస్తుంది. ఇందులో ఆ రెండు పనులూ చేసేది పాకం. ఓట్స్‌నూ కొబ్బరినీ అంటిపెట్టుకుని ఉంచేది అదే, సోడాతో కలిసి నురగెత్తి బిస్కెట్‌ను గుల్లగా చేసేదీ అదే. అక్కడివాళ్లు గోల్డెన్ సిరప్ అనే చెరకు పాకం వాడతారు. బరంపురంలో దానికోసం తిరగనక్కర్లేదు. అరిసెల పాకం పట్టడం తెలిసిన చేతికి ఇది నల్లేరు మీద నడకే. ఈ వంటలో మీరు పెట్టే శ్రద్ధలో సగం పాకానికి, పావు కొబ్బరికి ఇవ్వండి. మిగతాదంతా తేలిక.

కావలసినవి (పాతిక బిస్కెట్లకు)

మైదా 150 గ్రాములు
ఓట్స్ 100 గ్రాములు
తడి లేని కొబ్బరి కోరు 80 గ్రాములు
పంచదార 120 గ్రాములు
వెన్న 125 గ్రాములు
బెల్లం పాకం 60 గ్రాములు (సుమారు మూడు టేబుల్ స్పూన్లు)
వంటసోడా అర టీస్పూను
మరిగిన నీళ్లు ఒక టేబుల్ స్పూను
ఉప్పు చిటికెడు

వీలైతే తూకం వేయండి. గ్లాసులతో, కప్పులతో కొలిస్తే ఓట్స్ దగ్గరే తేడా వచ్చేస్తుంది. అదిమి నింపిన కప్పుకీ వదులుగా నింపిన కప్పుకీ చాలా అంతరం ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా ఇప్పుడు ఖరీదైన వస్తువేం కాదు.

ఓట్స్‌లో రోల్డ్ ఓట్స్ అని రాసి ఉన్నవి తీసుకోండి. రేకులు పెద్దగా, మందంగా ఉంటాయి, నమిలితే పంటికి తగులుతాయి. ఇన్‌స్టంట్ ఓట్స్ తడి త్వరగా పీల్చేసుకుంటాయి, బిస్కెట్ పిండిపిండిగా వస్తుంది. ఇంట్లో అవే ఉంటే చేయొచ్చు గానీ పాకం ఒక టీస్పూను పెంచండి. మసాలా ఓట్స్ ఎలాగూ పనికిరావు. ఏ రకమైనా సరే, మూకుట్లో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి చల్లార్చితే కమ్మదనం ఒక మెట్టు పెరుగుతుంది.

వెన్న బదులు నెయ్యి వాడేవాళ్లు 100 గ్రాములే తీసుకుని, ఒక టేబుల్ స్పూను పైచిలుకు నీళ్లు అదనంగా కలపాలి. వెన్నలో ఐదో వంతు దాకా తడి ఉంటుంది, నెయ్యిలో అది ఉండదు. నేతి బిస్కెట్ ఘుమఘుమలాడుతుంది, అయితే కొంచెం ఎక్కువ గుల్లగా, విరిగిపోయేలా వస్తుంది. కొన్న వెన్నలో ఉప్పు ఉంటే మళ్లీ ఉప్పు వేయకండి. డాల్డాతో మాత్రం చేయకండి. చేసేదే పాతిక బిస్కెట్లు, అందులో నోటికి అంటుకునే జిడ్డు ఎందుకు?

కొబ్బరి: తడే పెద్ద చిక్కు

కార్తీక సోమవారాలు, గురువారాల పూజలు అయ్యేసరికి ఇంట్లో కొబ్బరి చిప్పలు పేరుకుపోతాయి. పచ్చడి ఎన్నిసార్లని చేస్తాం? ఈ బిస్కెట్లకు ఆ చిప్పలు వాడుకోవచ్చు, కానీ నేరుగా కోరి వేయకూడదు. పచ్చి కొబ్బరి బరువులో దాదాపు సగం నీరే. ఆ నీటితో ముద్ద జావగారి, బిస్కెట్ లోపల ఉడుకుతుందే తప్ప కాలదు. మర్నాటికి మెత్తబడి, రెండో రోజుకు వాసన వస్తుంది.

అందుకని ముందు ఆరబెట్టాలి. చిప్పను తెల్లటి భాగం వరకే కోరండి, గోధుమరంగు తొక్క దగ్గరకు రాగానే ఆపేయండి. ఆ కోరును వెడల్పాటి ట్రేలో పల్చగా పరిచి, 100 డిగ్రీల ఓవెన్లో అరగంట ఉంచండి. మధ్యలో రెండుసార్లు కలియబెట్టాలి. ఓవెన్ లేకపోతే అడుగు మందంగా ఉన్న మూకుట్లో, బాగా సన్నసెగ మీద, గరిట ఆపకుండా తిప్పుతూ ఉండండి. మొదట కోరు గరిటకు ముద్దగా అంటుకుంటుంది, ఆవిరి పైకి లేస్తుంది. కాసేపటికి ఆవిరి తగ్గుతుంది, గరిట కింద గలగలమన్న చప్పుడు మొదలవుతుంది. అప్పుడు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపండి. అంటుకోకుండా పొడిపొడిగా రాలిపోవాలి, రంగు మాత్రం తెల్లగానే ఉండాలి. ఎర్రబడితే ఓవెన్లో రెండోసారి కాలేటప్పుడు చేదెక్కుతుంది. మోస్తరు సైజు కాయ ఒకటి ఈ కొలతకు సరిపోతుంది.

ఎండుకొబ్బరి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు, కానీ అందులో నూనె ఎక్కువ. వెన్న 15 గ్రాములు తగ్గించాలి, లేకపోతే బిస్కెట్లు ట్రేలో అప్పడాల్లా పరుచుకుపోతాయి. కోరేముందు వాసన చూడండి. కొంచెం కనరు వాసన ఉన్నా పక్కన పెట్టేయండి, ఓవెన్ వేడికి ఆ వాసన పోకపోగా ఇల్లంతా అల్లుకుంటుంది. కొట్లో కొనేవాళ్లు తీపి కలపని డెసికేటెడ్ కొబ్బరి అడగాలి.

ఇక్కడివాళ్లకు మంచి కాయకు కొదవ లేదు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాటితే కవిటి, కంచిలి, సోంపేటలతో ఉద్దానం కొబ్బరితోటలు వచ్చేస్తాయి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటింది. తిత్లీకి ఉద్దానంలో కూలిన చెట్లకు లెక్కేలేదు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ఆ తోటల కాయ చేతికొస్తే ఒక్క పలుకు కూడా పారేయబుద్ధి కాదు నాకు.

పాకం పట్టడం

బెల్లం ముదురు రంగులో ఉన్నది ఎంచుకోండి. మరీ పసుప్పచ్చగా నిగనిగలాడే బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది, దాని జోలికి వెళ్లొద్దు. చలికాలంలో ఒడిశా సంతల్లో ఈత బెల్లం దొరుకుతుంది. కాస్త పొగవాసనతో, లోతైన తీపితో ఉంటుంది. దొరికితే సగం అది, సగం చెరకు బెల్లం కలిపి చూడండి. నాకైతే ఈ బిస్కెట్లకు అంతకు మించిన జోడీ లేదనిపిస్తుంది.

200 గ్రాముల బెల్లం చిదిపి, 80 మిల్లీలీటర్ల నీళ్లు పోసి సన్నసెగ మీద కరిగించండి. కరగగానే దించి వడకట్టాలి. ఇసుక, చెరకు పీచు కిందికి దిగకుండా ఈ పని తప్పనిసరి, పంటి కింద ఒక్క ఇసుక రేణువు పడినా తినే సుఖం పోతుంది. వడకట్టింది మళ్లీ పొయ్యి మీద పెట్టి, అర టీస్పూను నిమ్మరసం పిండి, ఆరేడు నిమిషాలు మరగనివ్వండి. నిమ్మరసం పులుపు కోసం కాదు. ఆ ఆమ్లానికి చక్కెర కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, దాంతో పాకం చల్లారాక పలుకు కట్టదు. పైగా సోడా పడ్డప్పుడు బాగా నురగ రావడానికి ఆ పులుపే సాయపడుతుంది.

ఇప్పుడు పళ్లెంలో చన్నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. అది కరిగిపోకుండా అడుగున నిలవాలి, పళ్లెం వంచితే బద్ధకంగా పక్కకు జరగాలి, వేళ్ల మధ్య పట్టి లాగితే చిన్న తీగ వచ్చి తెగిపోవాలి. అక్కడితో పొయ్యి ఆపేయండి. చుక్క ఉండలా చేతికొచ్చిందంటే అరిసెల పాకం దాకా వెళ్లిపోయిందన్నమాట. రెండు స్పూన్ల వేడినీళ్లు కలిపి ఒక్క పొంగు రానిస్తే దారికొస్తుంది. ఈ వంటకు 60 గ్రాములే చాలు. మిగిలింది తడి లేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెల దాకా వాడుకోవచ్చు.

కలపడం

ఓవెన్‌ను 160 డిగ్రీలకు వేడెక్కనివ్వండి. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) అయితే పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వెలిగించి ట్రే మధ్య అరలో పెట్టాలి. ట్రేలో బటర్ పేపర్ పరిచి ఉంచుకోండి.

పెద్ద గిన్నెలో జల్లించిన మైదా, ఓట్స్, కొబ్బరి, పంచదార, ఉప్పు చేత్తో బాగా కలిపేయండి. మధ్యలో గుంట చేసి పక్కన పెట్టండి.

ఇప్పుడు లోతుగా ఉన్న గిన్నెలో వెన్న, పాకం కలిపి సన్నసెగ మీద కరిగించాలి. మరగనివ్వకూడదు. రెండూ కలిసి చిక్కగా, నిగనిగలాడుతూ ఉన్నప్పుడు పొయ్యి ఆపండి. చిన్న కప్పులో సోడా వేసి మరిగిన నీళ్లు పోసి కలిపి, వెంటనే వెన్న-పాకంలో వంచండి. చూస్తుండగానే ముదురు గోధుమరంగు కాస్తా లేతబడి, గిన్నె అంచుదాకా నురగ లేస్తుంది. అందుకే లోతు గిన్నె కావాలన్నది. సోడా, పాకంలోని పులుపు కలిసి బొగ్గుపులుసు వాయువు విడుదలవుతోందన్నమాట. ఆ బుడగలు ఎక్కువసేపు నిలవవు. ఫోన్ మోగినా తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ నురగను పిండి మధ్య గుంటలో పోసి చెక్క గరిటతో కలిపేయండి. వేడి పాకం కాబట్టి చేయి పెట్టకండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

సోడా బాగా పొంగాలని ఇంకో పావు స్పూను వేయాలనిపిస్తుంది. వద్దు. ఎక్కువైన సోడా సబ్బు రుచి ఇస్తుంది, బిస్కెట్ నల్లబడుతుంది.

కలిపిన ముద్దను పది నిమిషాలు కదపకుండా వదిలేయండి, ఓట్స్ తడి పీల్చుకుంటాయి. తర్వాత పిడికిట్లో నొక్కి చూస్తే ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అసలే కట్టకపోతే ఒక టీస్పూను వేడినీళ్లు చిలకరించండి. వెన్న పైకి తేలి జిడ్డుగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది. మరీ తప్పకపోతేనే ఒక చెంచా మైదా.

పెద్ద ఉసిరికాయంత, అంటే 25 గ్రాముల చొప్పున ఉండలు చేసి, రెండంగుళాల ఎడం వదిలి ట్రేలో పెట్టండి. అరచేత్తో సెంటీమీటరు మందం ఉండేలా మెల్లగా నొక్కాలి. అంచులు పగిలితే వేళ్లతో లోపలికి నెట్టేయండి.

కాల్చడం

మొదటి ట్రే పెట్టేముందు ఒకే ఒక్క బిస్కెట్ కాల్చి చూడమంటాను. ఓవెన్లలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఆ ఒక్కటి పల్చగా పారిపోతే మిగతా ముద్దను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పరుచుకోకుండా గుట్టలా నిలబడిపోతే మిగతా ఉండలను ఇంకొంచెం అదిమి, ముద్దలో ఒక చెంచా పాకం చేర్చండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఈ ముందుచూపు ఇంకా అవసరం, ఓవెన్ నిండా పెట్టాక దిద్దుకునే అవకాశం ఉండదు.

160 డిగ్రీల్లో 14 నుంచి 16 నిమిషాలు పడుతుంది. నమిలితే సాగేలా, లోపల మెత్తగా కావాలంటే 12 నిమిషాలకే తీసేయండి. కరకరలాడాలంటే 150 డిగ్రీలకు తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. గోల్డెన్ సిరప్ వేసినవైతే బంగారు రంగు చూసి తీయొచ్చు. బెల్లం ముద్ద ముందే ముదురు రంగు, కాబట్టి కంటిని పూర్తిగా నమ్మకండి. అంచును వేలితో తాకితే గట్టిగా, నడుమ ఇంకా మెత్తగా ఉండాలి. వేయించిన కొబ్బరి వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చిందంటే ఇక రెండు నిమిషాలే.

బయటికి తీసినప్పుడు బిస్కెట్ మెత్తగానే ఉంటుంది. పక్కనున్న పెద్దవాళ్లు "ఇంకా పచ్చిగానే ఉందే, మరో ఐదు నిమిషాలు పెట్టమ్మా" అంటారు. "పది నిమిషాలు ఆగండత్తయ్యా, చల్లారితే గట్టిపడతాయి" అని చెప్పి ట్రేను బయటే ఉంచండి. వేడికి పాకం కరిగి ఉంటుంది, చల్లారాకే బిగుస్తుంది. మెత్తగా ఉందని మళ్లీ లోపల పెడితే ఆరాక కొరకలేరు. ఐదు నిమిషాలు ట్రేలోనే వదిలి, తర్వాత జల్లెడ మీదకో వైర్ స్టాండ్ మీదకో మార్చండి, అడుగు నుంచి కూడా గాలి తగలాలి.

ఓవెన్ లేనివాళ్లు అడుగు మందంగా ఉన్న అల్యూమినియం గిన్నెలో చేసుకోవచ్చు. అంగుళం మందాన కల్లుప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూతపెట్టి మధ్యస్థం సెగ మీద పది నిమిషాలు వేడి చేయాలి. వెన్న రాసిన స్టీలు పళ్లెంలో నాలుగైదు బిస్కెట్లు పెట్టి లోపల ఉంచి, సెగ తగ్గించి 20 నిమిషాలు కాల్చండి. మూత ఓ పక్క సన్నగా తెరిచి ఉంటేనే ఆవిరి పోతుంది. కుక్కర్ అయితే గాస్కెట్, వెయిట్ రెండూ తీసేయాలి. నాన్‌స్టిక్ గిన్నెను ఇలా ఖాళీగా వేడి చేయకూడదు. అడుగు త్వరగా మాడుతుందనిపిస్తే పళ్లెం కింద ఇంకో పళ్లెం పెట్టండి.

చోడి (రాగి) పిండితో

కొరాపుట్, రాయగడ, గుణుపురం వైపు ఉండేవాళ్లకు ఇది చెప్పాలి. మైదాలో 50 గ్రాములు తగ్గించి ఆ మేరకు చోడి పిండి వేయండి. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక ఆ జిల్లాల చోళ్లకు గిరాకీ పెరిగింది, మంచి పిండి దొరకడం కష్టం కాదు. పిండిని పచ్చివాసన పోయేదాకా పొడి మూకుట్లో వేయించాకే కలపాలి. చోళ్లకు, బెల్లానికి ఎలాగూ పాత స్నేహం. సగానికి మించి వేస్తే మాత్రం బిస్కెట్ పట్టు తప్పి పొడైపోతుంది. మైదా ఇష్టం లేనివాళ్లు గోధుమపిండితో పూర్తిగా చేసుకోవచ్చు, ఒక టేబుల్ స్పూను నీళ్లు ఎక్కువ పడతాయి.

నిల్వ, పార్శిల్

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం ప్రాంతాల్లో సముద్రపు తేమ గాలిలో ఎప్పుడూ ఉంటుంది. బెల్లానికి తడిని లాక్కునే గుణం ఉంది. ఈ రెండూ కలిస్తే ప్లేట్లో వదిలేసిన బిస్కెట్ సాయంత్రానికే మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారాక, గంట తర్వాతే, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత పెడితే లోపలే ఆవిరి చెమరుస్తుంది. చలికాలంలో రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి, వానాకాలంలో వారంలో తినేయడం మేలు. మెత్తబడినవాటిని 150 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు వేడి చేసి ఆరబెడితే మళ్లీ కరకరలాడతాయి.

గంజాం జిల్లా నుంచి సూరత్ మిల్లుల్లో పనికి వెళ్లినవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు. వాళ్లకు రైల్లో వెళ్లేవాళ్ల చేత తినుబండారాలు పంపడం ఇక్కడి ఇళ్లలో మామూలే. గుడ్డు వేయని, పాలు పోయని ఈ బిస్కెట్ దూరప్రయాణానికి తట్టుకుంటుంది. పంపడానికి చేసేవాటిని 150 డిగ్రీల్లో 20 నిమిషాల పద్ధతిలో కరకరలాడేలా కాల్చండి, మెత్తటి రకం ప్రయాణంలో ఒకదానికొకటి అతుక్కుంటుంది. రాత్రంతా డబ్బాలో ఆరనిచ్చి, మర్నాడు ఆరేసి చొప్పున బటర్ పేపర్లో దొంతరగా చుట్టండి. దొంతరలను డబ్బాలో నిలువునా కాకుండా అడ్డంగా పేర్చి, సందుల్లో నలిపిన కాగితం కూరండి, కదలకపోతే విరగవు. మూత చుట్టూ టేపు వేసి, కాల్చిన తేదీ పైన రాసి పంపండి, అక్కడివాళ్లు ఎన్నాళ్లలో తినేయాలో చూసుకుంటారు.